లైనక్స్ ల్యాప్‌టాప్‌లో యూఎస్‌బీ ఆసిలోస్కోప్: పరికరం కనిపిస్తోంది, సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని తెరవలేకపోతోంది

నరసన్నపేట_మరమ్మతు

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా నరసన్నపేటలో ఇన్వర్టర్లు, స్టెబిలైజర్లు, సోలార్ పంపుల కంట్రోలర్ బోర్డులు బాగుచేస్తుంటాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం వైపు కరెంటు స్తంభాలు వరుసగా నేలకూలిన తరువాత మా ప్రాంతంలో ఇన్వర్టర్ కొనుక్కున్నవారు బాగా పెరిగారు, అందుకు తగ్గట్టే మరమ్మతుకు వచ్చే బోర్డులూ పెరిగాయి. మల్టీమీటరు వోల్టేజి ఎంతో చెబుతుంది గానీ, మోస్‌ఫెట్ (కరెంటును స్విచ్చులా వేసి తీసే ట్రాన్సిస్టరు) గేటు, అంటే దాన్ని నడిపే కాలు, దగ్గర పల్సు నిటారుగా లేస్తున్నదో, వాలిపోతున్నదో, అసలు రెండు వైపులా వస్తున్నదో లేదో చెప్పదు. అందుకని వోల్టేజి తీరును కంప్యూటరు తెర మీద గీతగా చూపే హాంటెక్ 6022బీఈ అనే రెండు ఛానళ్ల యూఎస్‌బీ ఆసిలోస్కోప్ (క్లుప్తంగా స్కోపు) తీసుకున్నాను.

నా ల్యాప్‌టాప్ మొదటి తరం కోర్ ఐ3, అందులో 64 బిట్ల ఉబుంటు 22.04 ఉంది. ఓపెన్‌హాంటెక్6022 అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను డెబ్ ప్యాకేజీగా (ఉబుంటులో నేరుగా స్థాపించుకునే ఫైలు) కాక, కుదించిన టార్ ఫైలుగా దించుకొని, ఒక ఫోల్డరులో విప్పి నడుపుతున్నాను. పరిస్థితి ఇలా ఉంది.

తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశం ఇస్తే 04బి4:6022 అన్న ఐడీతో పరికరం కనిపిస్తోంది. మామూలు యూజరుగా ప్రోగ్రాం నడిపితే మొదట అనుమతి లేదని వచ్చింది. ఇంటర్నెట్లో దొరికిన సూచన ప్రకారం, పరికరాల అనుమతులు చూసుకునే యూడెవ్ వ్యవస్థ కోసం ఈటీసీ, యూడెవ్, రూల్స్‌.డి ఫోల్డరులో 99తో మొదలయ్యే పేరుతో ఒక ఫైలు పెట్టి, 04బి4, 6022 ఉన్న పరికరానికి మోడ్ (అనుమతుల సంఖ్య) 0666 అని రాశాను. ఆ తరువాత ప్రోగ్రాం ఒక అడుగు ముందుకు వెళ్లి, ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే ప్రోగ్రాం) ఎక్కిస్తున్నానని చెప్పి, వెంటనే మళ్లీ అనుమతి లేదంటోంది. సుడోతో, అంటే నిర్వాహకుడి అధికారంతో, కర్నెల్ (లైనక్స్ మూలభాగం) సందేశాలు చూపే డీమెసేజ్ చూస్తే చివరి వరుసలలో 7వ నంబరు పరికరం ఊడిపోయినట్టు, ఆ మరు క్షణమే 8వ నంబరుతో కొత్త పరికరం, 04బి5:6022 అన్న ఐడీతో, తగిలించినట్టు ఉంది. కేబుల్‌ను నేను ముట్టుకోలేదు.

సుడోతో ప్రోగ్రాం నడిపితే స్కోపు దొరుకుతోంది, కిటికీ తెరుచుకుంటోంది, కానీ గ్రాఫు రావలసిన చోట గళ్లు గానీ గీత గానీ లేవు, షేడర్ ప్రోగ్రాంలు (బొమ్మ గీయడానికి గ్రాఫిక్స్ చిప్పు మీద నడిచే చిన్న ప్రోగ్రాంలు) కంపైల్ కాలేదన్న సందేశం వస్తోంది. ఎప్పుడూ సుడోతోనే నడుపుకోవచ్చునా? విండోస్ వేసుకుంటే గొడవ ఉండదని కొందరు అంటున్నారు. నా ఖాతాదారుల వివరాలు, సర్క్యూట్ డయాగ్రాములు అన్నీ ఈ లైనక్సులోనే ఉన్నాయి కనుక అది చివరి మార్గంగానే ఉంచుకోవాలని ఉంది. తెలిసినవారు దయచేసి దారి చూపండి.

విజయనగరం_ల్యాబ్

నమస్కారమండీ. మీరు డీమెసేజ్ వరుసలు చూసి రాయడం వల్ల సగం పని అయిపోయింది. కేబుల్ ముట్టుకోకుండానే పరికరం ఊడి మళ్లీ తగిలినట్టు కనిపించడం లోపం కాదు, ఆ స్కోపు పనిచేసే పద్ధతే అది.

6022బీఈ లోపల సైప్రస్ ఎఫ్ఎక్స్2 అనే యూఎస్‌బీ చిప్పు ఉంటుంది. స్కోపుగా పనిచేయడానికి కావలసిన ఫర్మ్‌వేర్ అందులో శాశ్వతంగా ఉండదు. మీరు కేబుల్ తగిలించిన ప్రతిసారీ కంప్యూటరులోని సాఫ్ట్‌వేర్ ఆ ఫర్మ్‌వేర్‌ను చిప్పు తాలూకు ర్యామ్‌లోకి ఎక్కించాలి. ఎక్కిన వెంటనే చిప్పు యూఎస్‌బీ బస్సు (సమాచారం వెళ్లే దారి) నుంచి తప్పుకొని, కొత్త పరికరంగా తిరిగి పరిచయం చేసుకుంటుంది. తగిలించినప్పుడు 04బి4:6022, ఫర్మ్‌వేర్ ఎక్కాక 04బి5:6022. పేరు అదే ఉండి ఇంటిపేరు మారినట్టు అనుకోండి. మీ రూల్ ఫైలులో పాత ఇంటిపేరు ఒక్కటే ఉంది. అందువల్ల మొదటి అవతారాన్ని తెరిచి ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి అనుమతి దొరికింది, రెండవ అవతారానికి ఏ నియమమూ వర్తించక అది రూటు యూజరు (నిర్వాహకుడు) చేతిలోనే ఉండిపోయింది.

కాబట్టి ఫైలులో రెండు వరుసలు ఉండాలి, ఒకటి 04బి4కు, మరొకటి 04బి5కు, రెండింటిలోనూ ప్రొడక్ట్ ఐడీ 6022. ఐడీలోని బి అక్షరం ఇంగ్లీషు చిన్న అక్షరంగా ఉండాలి, ఎందుకంటే కర్నెల్ ఆ సంఖ్యలను చిన్న అక్షరాలతోనే చూపుతుంది, యూడెవ్ వాటిని అక్షరానికి అక్షరం పోల్చి చూస్తుంది. పోల్చే చోట రెండు సమాన గుర్తులు పక్కపక్కనే పెట్టాలి. ఒక్కటే పెడితే ఆ వరుస పనికిరాదు. ఇవి చిన్న విషయాలే అయినా మా ల్యాబ్‌లో విద్యార్థులు ఎక్కువసేపు ఆగిపోయేది ఇక్కడే.

ఇంకొక మాట. మోడ్ 0666 అంటే ఆ పరికరాన్ని కంప్యూటరులోని ఏ యూజరైనా, ఏ ప్రోగ్రామైనా తెరిచి రాయవచ్చునని అర్థం. దాని బదులు మోడ్ 0660 పెట్టి, ట్యాగ్ దగ్గర కూడిక గుర్తు, సమాన గుర్తు వేసి యూఏక్సెస్ అని రాయండి. అప్పుడు కంప్యూటరు ముందు కూర్చొని లాగిన్ అయిన మనిషికి మాత్రమే పరికరం దక్కుతుంది. ఫైలు భద్రపరచాక యూడెవ్ఏడీఎం ఆదేశంతో నియమాలను రీలోడ్ చేసి, స్కోపు కేబుల్ తీసి మళ్లీ తగిలించాలి. పాత నియమంతో ఇప్పటికే తగిలి ఉన్న పరికరం రీలోడ్ చేసినంత మాత్రాన మారదు.

సుడోతో ఎప్పుడూ నడపవద్దని నా గట్టి అభిప్రాయం. బొమ్మలు గీసే పెద్ద ప్రోగ్రాం ఒకటి యంత్రంలోని ప్రతి ఫైలునూ చెరపగల అధికారంతో నడవవలసిన అవసరం ఏమీ లేదు. పైగా మీరు కుదుర్చుకునే సెట్టింగులు రూటు యూజరు ఖాతాలో పడి, మామూలుగా తెరిచినప్పుడు కనిపించవు.

నరసన్నపేట_మరమ్మతు

ధన్యవాదాలు మాస్టారూ. రెండు అవతారాల సంగతి చదివాక డీమెసేజ్ మళ్లీ చూస్తే అంతా స్పష్టంగా అర్థమైంది. అదే 99 ఫైలులో 0666 తీసేసి, రెండు వరుసలు, మోడ్ 0660, యూఏక్సెస్ ట్యాగ్ పెట్టి, రీలోడ్ చేసి, కేబుల్ తీసి తగిలించాను. ఇప్పుడు మొదటి అడుగు కూడా పడడం లేదు. ఫర్మ్‌వేర్ ఎక్కించకముందే లిబ్‌యూఎస్‌బీ (ప్రోగ్రాం యూఎస్‌బీ పరికరంతో మాట్లాడడానికి వాడే లైబ్రరీ) నుంచి మైనస్ 3 అన్న లోపం వస్తోంది. అక్షరాలు, సమాన గుర్తులు సరిచూశాను. డెవ్, బస్, యూఎస్‌బీ, 001 ఫోల్డరులో ఎల్ఎస్ మైనస్ ఎల్ ఇస్తే స్కోపు ఉన్న వరుసలో యజమాని రూట్, గ్రూపు రూట్ అని, యజమానికీ గ్రూపుకూ మాత్రమే చదివే, రాసే అనుమతి ఉన్నట్టు చూపుతోంది.

రాజాం_ఈసీఈ

అన్నగారూ, మైనస్ 3 అంటే లిబ్‌యూఎస్‌బీ భాషలో అనుమతి నిరాకరణే. మీరు చూపిన ఆ వరుసలోనే జవాబు ఉంది. మోడ్ 0660గా మారింది కనుక మీ నియమాన్ని యూడెవ్ చదివింది, ఐడీలు కూడా సరిపోయాయి. కానీ యూఏక్సెస్ పనిచేసి ఉంటే అనుమతుల అక్షరాల చివర ఒక కూడిక గుర్తు ఉండాలి. అది లేదంటే ట్యాగ్ పడింది గానీ దాన్ని ఎవరూ పట్టించుకోలేదన్నమాట.

కారణం ఫైలు పేరులోని 99. యూడెవ్ నియమాల ఫైళ్లను పేర్ల వరుసలో చదువుతుంది. యూఏక్సెస్ అన్న ట్యాగ్ ఉన్నదా లేదా అని చూసి, లాగిన్ అయిన యూజరుకు హక్కు ఇచ్చే పని 73-సీట్-లేట్ అనే ఫైలులో జరుగుతుంది. మీ ఫైలు 99తో మొదలవుతుంది కాబట్టి, 73వ ఫైలు తన పని ముగించుకొని వెళ్లిన తరువాత మీ ట్యాగ్ పడుతోంది. మోడ్ విషయం అలా కాదు, దాన్ని నియమాలన్నీ చదివిన తరువాత పరికరం మీద అమలు చేస్తారు కనుక 99లో రాసినా చెల్లింది. అందుకే మీ పాత 0666 పనిచేసింది, అంతకంటే మంచిదైన యూఏక్సెస్ పనిచేయలేదు. 99తో ఫైలు పెట్టమనే సలహాలు ఇంటర్నెట్లో కోకొల్లలు. మోడ్ మాత్రమే రాసే రోజుల్లో అవి సరిపోయేవి.

ఫైలు పేరును 60-ఓపెన్‌హాంటెక్.రూల్స్ అని మార్చండి. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు తమ ప్యాకేజీలో పెట్టిన పేరు కూడా అదే. నకలు తీయకుండా పేరే మార్చండి, పాత 99 ఫైలు ఆ ఫోల్డరులో మిగలకూడదు. రీలోడ్ చేసి, కేబుల్ తీసి పెట్టి, మళ్లీ ఎల్ఎస్ మైనస్ ఎల్ చూడండి. కూడిక గుర్తు కనిపిస్తే అదనపు హక్కులు ఎవరికి ఉన్నాయో చూపే గెట్ఎఫ్ఏసీఎల్ ఆదేశంలో మీ యూజరు పేరు కూడా కనిపిస్తుంది.

డెబ్ ప్యాకేజీ దొరికితే అదే మేలని కూడా చెప్పాలి. టార్ ఫైలు విప్పి నడిపితే ఈ నియమాల ఫైలు దానంతట అది సరైన చోట చేరదు. డెబ్‌ను డీపీకేజీ మైనస్ ఐ అని కాకుండా, ఏపీటీ ఇన్‌స్టాల్ అని రాసి, ఫైలు పేరుకు ముందు చుక్క, ఏటవాలు గీత పెట్టి ఇవ్వండి. అప్పుడు క్యూటీ, ఎఫ్ఎఫ్‌టీడబ్ల్యూ, లిబ్‌యూఎస్‌బీ వంటి ఆధార ప్యాకేజీలను ఏపీటీయే వెతికి తెచ్చుకుంటుంది. డీపీకేజీ అవి లేవని ఫిర్యాదు చేసి ఊరుకుంటుంది.

ఇక నల్లగా మిగిలిన గ్రాఫు సంగతి. దానికీ స్కోపుకూ సంబంధం లేదు. అది తేల్చుకోవడానికి స్కోపు తీసేసి, ప్రోగ్రాంను మైనస్ డి అన్న ఎంపికతో, అంటే డెమో పద్ధతిలో నడపండి. అందులో ప్రోగ్రామే కృత్రిమ తరంగాలు పుట్టించి చూపుతుంది. అప్పుడు కూడా గ్రాఫు రాకపోతే లోపం గ్రాఫిక్స్ వైపే. మీది మొదటి తరం కోర్ ఐ3 అన్నారు. అందులోని ఇంటెల్ గ్రాఫిక్స్‌కు లైనక్సులో ఓపెన్‌జీఎల్ (తెర మీద బొమ్మలు గీసే ప్రమాణం) 2.1 వరకే మద్దతు ఉంది, దానికి జోడీ అయిన షేడర్ భాష వెర్షన్ 1.20. ప్రోగ్రాం మామూలుగా కోరుకునేది 1.50. కాబట్టి ప్రోగ్రాం పేరు తరువాత రెండు హైఫన్లు పెట్టి యూజ్‌జీఎల్ఎస్ఎల్120 అని, ఖాళీ లేకుండా, జీఎల్ఎస్ఎల్ పెద్ద అక్షరాలలో రాసి నడపండి. మీ యంత్రం సామర్థ్యం ముందే చూసుకోవాలంటే మెసా-యుటిల్స్ ప్యాకేజీలోని జీఎల్ఎక్స్‌ఇన్ఫో మైనస్ పెద్ద బి ఆదేశం ఓపెన్‌జీఎల్ వెర్షన్ చెబుతుంది.

విజయనగరం_ల్యాబ్

73వ ఫైలు సంగతి చక్కగా చెప్పారు. నేను ఫైలు నంబరు ప్రస్తావన తేలేదు, అది అవసరమైన వివరమే. దానికి ఒక్కటి కలుపుతాను. యూఏక్సెస్ హక్కు కంప్యూటరు ముందు కూర్చున్నవారికే వస్తుంది, నెట్‌వర్కు ద్వారా ఎస్ఎస్‌హెచ్‌తో ప్రవేశించినవారికి రాదు. మా ల్యాబ్‌లో ఒక గదిలో ఉన్న స్కోపును మరొక గది నుంచి చూడవలసి వచ్చినప్పుడు అందుకే గ్రూపు ప్లగ్‌డెవ్ అని కూడా రూల్‌లో రాసి, ఆ యూజర్లను యూజర్‌మాడ్ ఆదేశంతో ఆ గ్రూపులో చేర్చాం. గ్రూపులో చేర్చాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయితేనే అది అమలులోకి వస్తుంది. మీ దుకాణంలో ఒక్క ల్యాప్‌టాప్ ముందు మీరే కూర్చుంటారు కనుక మీకు ఆ అవసరం లేదు.

విండోస్ వేసుకోమన్న సలహా గురించి కూడా రాస్తున్నాను, ఎందుకంటే తరువాతి మెట్టుగా వర్చువల్‌బాక్సులో, అంటే లైనక్సు లోపలే నడిచే ఊహా కంప్యూటరులో, విండోస్ పెట్టమంటారు. అక్కడ కూడా ఇదే రెండు ఐడీల చిక్కు ఎదురవుతుంది. మీరు 04బి4 పరికరాన్ని లోపలి విండోస్‌కు అప్పగిస్తారు, అది ఫర్మ్‌వేర్ ఎక్కిస్తుంది, పరికరం కొత్త ఐడీతో బయటి లైనక్సుకు తిరిగి వచ్చేస్తుంది. రెండు ఐడీలకూ యూఎస్‌బీ ఫిల్టర్లు పెట్టినప్పుడే అది నిలుస్తుంది. పైగా వర్చువల్ యంత్రం గుండా వేగంగా వచ్చే శాంపిళ్లు సరిగ్గా అందుతాయన్న భరోసా లేదు. వైన్ (విండోస్ ప్రోగ్రాంలను లైనక్సులో నడిపే సాఫ్ట్‌వేర్) ద్వారా ప్రయత్నించడం వృథా, యూఎస్‌బీ పరికరం కోరే విండోస్ డ్రైవరు అక్కడ పనిచేయదు.

నరసన్నపేట_మరమ్మతు

ఇద్దరికీ ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే. ఫైలు పేరు 60తో మార్చి కేబుల్ తగిలించగానే అనుమతుల వరుస చివర కూడిక గుర్తు వచ్చింది, గెట్ఎఫ్ఏసీఎల్‌లో నా పేరు కనిపించింది. సుడో లేకుండానే ఫర్మ్‌వేర్ ఎక్కింది, స్కోపు దొరికింది. డెమో పద్ధతిలో కూడా గ్రాఫు నల్లగానే ఉన్నందువల్ల లోపం గ్రాఫిక్స్‌దే అని తేలింది, 120 ఎంపిక ఇచ్చాక గళ్లూ, రెండు రంగుల గీతలూ వచ్చాయి. జీఎల్ఎక్స్‌ఇన్ఫో కూడా 2.1 అనే చెప్పింది. ఆ ఎంపికను డెస్క్‌టాప్ మీది ప్రోగ్రాం ఐకాన్‌లోనే రాసిపెట్టుకున్నాను.

ఒక అనుమానం మిగిలింది. స్కోపు మీది కాలిబ్రేషన్ కొక్కేనికి ప్రోబు (కొలిచే తీగ) తగిలిస్తే 1 కిలోహెర్ట్జ్ చదరపు తరంగం వస్తోంది, కానీ ప్రోబు మీది మీటను పది రెట్ల వైపు జరిపితే ప్రతి మెట్టు మొదట్లో గీత పైకి పొడుచుకువచ్చి, తరువాత కిందికి దిగుతోంది. ఇది కూడా సాఫ్ట్‌వేర్ లోపమేనా? ఇది తేలితే ఇన్వర్టర్ బోర్డు మీద పెట్టి చూద్దామనుకుంటున్నాను.

బొబ్బిలి_సర్క్యూట్

అది సాఫ్ట్‌వేర్ లోపం కాదండీ. పది రెట్ల ప్రోబులో ఒక చిన్న ట్రిమ్మర్ కెపాసిటర్ ఉంటుంది, ప్రోబు మొదట్లోనో స్కోపుకు తగిలే కొసలోనో సన్నని మరలాగా కనిపిస్తుంది. ప్రోబుతో వచ్చిన ప్లాస్టిక్ స్క్రూడ్రైవరుతో దాన్ని కొద్దికొద్దిగా తిప్పుతూ తెర చూడండి. మెట్టు మూల పొడుచుకువస్తే ఒక వైపు ఎక్కువైనట్టు, గుండ్రంగా అణిగిపోతే రెండవ వైపు ఎక్కువైనట్టు. మూల సూటిగా, పైభాగం చదునుగా వచ్చే చోట ఆపండి. రెండు ప్రోబులకూ వేరువేరుగా, ఏ ఛానలులో వాడతారో ఆ ఛానలులోనే చేయాలి. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఆ ఛానలుకు ప్రోబు 10 అని పెట్టకపోతే వోల్టేజి పదో వంతుగా చదువుతుంది.

ఇన్వర్టర్ బోర్డు మీద పెట్టడానికి ముందు దయచేసి ఇది చదవండి. సాఫ్ట్‌వేర్ ఎలాగైనా మళ్లీ వేసుకోవచ్చు, ల్యాప్‌టాప్ కాలిపోతే మీ ఖాతాదారుల వివరాలు తిరిగి రావు, 230 వోల్టులు తగిలితే మనిషికే ప్రమాదం. ఈ స్కోపులో ప్రోబు నల్ల క్లిప్పు యూఎస్‌బీ గ్రౌండుతో నేరుగా కలిసి ఉంటుంది, రెండు ఛానళ్ల క్లిప్పులూ లోపల ఒకటే. యూఎస్‌బీ గ్రౌండు ల్యాప్‌టాప్ చట్రానికి, మూడు పిన్నుల అడాప్టరు అయితే గోడలోని ఎర్తుకు కలిసి ఉంటుంది. ఆ క్లిప్పును మెయిన్సుకు సంబంధం ఉన్న చోట పెడితే మదర్‌బోర్డు గుండా షార్టు అవుతుంది. అడాప్టరు తీసి బ్యాటరీ మీద నడిపితే చాలని కొందరు అంటారు. ఆ షార్టు దారి తెగుతుంది నిజమే, కానీ అప్పుడు ల్యాప్‌టాప్ మొత్తం ఆ వోల్టేజిలో తేలుతూ ఉంటుంది, కీబోర్డు మీద చేయి మీదే. కాబట్టి మెయిన్సు వైపు ఆ పని చేయవద్దు.

మీ బోర్డు పాత పద్ధతి పుష్‌పుల్ అయితే, అంటే ట్రాన్స్‌ఫార్మర్ మధ్య కొస బ్యాటరీ ప్లస్‌కు వెళ్లి, రెండు వైపుల మోస్‌ఫెట్ల సోర్సులూ బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉంటే, మెయిన్సు ప్లగ్గు తీసేసి, బ్యాటరీ మీద నడుపుతూ, నల్ల క్లిప్పు బ్యాటరీ మైనస్‌కు పెట్టి రెండు ఛానళ్లతో రెండు వైపుల గేట్లనూ ఒకేసారి చూడవచ్చు. గేటు పల్సు 10 నుంచి 12 వోల్టులు ఉంటుంది, ఈ స్కోపు నేరుగా కొలవగలిగేది 5 వోల్టుల వరకే కనుక ప్రోబు మీట తప్పనిసరిగా పది రెట్ల వైపు ఉండాలి. డ్రెయిన్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు కలిసే మోస్‌ఫెట్ కాలు) దగ్గర 12 వోల్టుల బ్యాటరీతో 24 వోల్టుల దాకా, పైన సన్నని ముళ్లతో కలిపి ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

హెచ్-బ్రిడ్జి బోర్డు (మోస్‌ఫెట్లు పై జత, కింది జతగా ఉండేది) అయితే పై మోస్‌ఫెట్ల సోర్సు నిలకడగా ఉండదు, అది అవుట్‌పుట్‌తో పాటు ఎగిరి పడుతుంటుంది. నల్ల క్లిప్పు అక్కడ పెడితే కింది మోస్‌ఫెట్ చేసే పనిని మీ క్లిప్పే చేసేస్తుంది, పై మోస్‌ఫెట్ పేలుతుంది. క్లిప్పులు రెండూ బ్యాటరీ మైనస్‌కే ఉంచి, ఒక ఛానలు గేటుకు, మరొకటి సోర్సుకు పెట్టి, సాఫ్ట్‌వేర్‌లోని మ్యాథ్ ఛానలులో మొదటి దానిలోంచి రెండవది తీసివేస్తే గేటు-సోర్సు మధ్య పల్సు కనిపిస్తుంది. ఇన్వర్టర్ అవుట్‌పుట్ తరంగం ఆకారం చూడాలంటే 230 నుంచి 9 వోల్టులకు దించే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి మధ్యలో పెట్టి, దాని సెకండరీ దగ్గర పది రెట్ల ప్రోబుతో చూడండి. అక్కడ శిఖరం సుమారు 13 వోల్టులే, పైగా మెయిన్సుతో తీగ సంబంధం ఉండదు. వోల్టేజి కచ్చితంగా కొలవాలంటే డిఫరెన్షియల్ ప్రోబు (గ్రౌండుకు కలపకుండా రెండు చోట్ల మధ్య వోల్టేజి కొలిచేది) కావాలి.

నరసన్నపేట_మరమ్మతు

చాలా విలువైన మాటలు చెప్పారండీ. ట్రిమ్మర్ తిప్పాక రెండు ప్రోబులలోనూ మెట్టు చదునుగా నిలబడింది. బల్ల మీద ఉన్న బోర్డు పుష్‌పుల్ రకమే. సోర్సులన్నీ బ్యాటరీ మైనస్‌కు కలిసి ఉన్నాయని స్కోపు పెట్టకముందే మీటరుతో నిర్ధారించుకున్నాను. ప్లగ్గు తీసి, బ్యాటరీ మీద నడిపి చూస్తే ఒక వైపు గేటుకు 50 హెర్ట్జ్ పల్సు 11 వోల్టులతో శుభ్రంగా ఉంది, రెండవ వైపు అదే పల్సు 3 వోల్టులు కూడా దాటకుండా, లేచే అంచు వాలిపోయి వస్తోంది. మోస్‌ఫెట్లు మార్చినా అవి మళ్లీ మళ్లీ ఎందుకు పోతున్నాయో ఇప్పుడు తెలిసింది. ఆ వైపు డ్రైవర్ ట్రాన్సిస్టరునూ, దాని ముందున్న రెసిస్టరునూ విప్పి చూస్తున్నాను.